మంచం కింద ఇసక కుండ

మీ ఇంట్లో మంచాల కింద ఏముంటాయో ఒకసారి చెప్పండి. పాత సూట్‌కేసులు, పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ తప్ప బయటికి రాని ఇత్తడి బిందెలు, ఉల్లిపాయల బుట్ట, పిల్లలు పారేసుకున్న బంతులు... అంతేనా? మా ఇంట్లో అవన్నీ ఉన్నాయి. వాటికి తోడు ఉగాది నుంచి వినాయకచవితి దాకా రెండు ఇసక కుండలు కూడా ఉంటాయి. కొత్తవాళ్ళెవరైనా వచ్చి వంగి చూస్తే "పిల్లిని పెంచుతున్నారా అండీ?" అని అడుగుతారు. నవ్వి ఊరుకుంటాను.

అవి డాలియా దుంపలు దాచిన కుండలు. వాటి గురించి మీకు చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. కానీ ఆ కథ చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. అందుకే ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను.

డాలియా మీకందరికీ తెలిసిన పువ్వే. సంక్రాంతి రోజుల్లో నర్సరీల ముందు పళ్ళెమంత పూలతో కుండీలు వరసగా పెట్టి ఉంటాయి. ముచ్చటపడి ఒకటో రెండో తెచ్చుకుంటాం. శివరాత్రి దాటాక పూలు చిన్నవవుతాయి, ఎండలు ముదిరేసరికి మొక్క వాడిపోతుంది. చచ్చిపోయిందనుకుని కుండీలో మట్టి దులిపి కరివేపాకు మొక్క పెట్టేస్తాం. నిజానికి అది చావలేదండీ. పైన ఆకు పోయినా కింద దుంప బతికే ఉంటుంది. డాలియా పుట్టిల్లు మెక్సికో. అక్కడి కొండల చల్లదనానికి అలవాటుపడ్డ పువ్వు. 1963లో ఆ దేశం దీన్ని తమ జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది కూడా. మన మైదానాల ఎండ దానికి పడదు కాబట్టి ఇక్కడ చలికాలంలో పూసి, ఎండాకాలం, వానాకాలం మట్టిలో ముడుచుకుని పడుకోవాలని చూస్తుంది. ఆ నిద్ర చెడకుండా చూసుకోగలిగితే మళ్ళీ చలికాలానికి అదే మొక్క, అదే పువ్వు.

మా మామగారు రైల్వేలో పనిచేసేవారు. కాజీపేటలో వాళ్ళ క్వార్టర్స్ ముందు చిన్న జాగా ఉండేది. అందులో మా అత్తగారు డాలియాలు వేసేవారు. ఒకటే రకం. పండు మిరపకాయ రంగు, మధ్యలోకి వెళ్ళేకొద్దీ నల్లబడినట్టుండే ముదురు ఎరుపు. నేను ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టింది 2001 మాఘమాసంలో. గుమ్మం దగ్గర హారతి పళ్ళెం కంటే ముందు నా కళ్ళు ఆ పూల మీద పడ్డాయి.

2006లో మామగారు పోయాక, ఆ వేసవిలో అత్తగారు హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేశారు. రెండు ట్రంకు పెట్టెలు, ఒక మడతమంచం, రెండు మట్టికుండలు. అంతే ఆవిడ సామాను. కుండల నిండా ఇసక. మాది రెండు గదుల అద్దె ఇల్లు. దేవుడి గది చల్లగా ఉందని కుండలు అక్కడ పెట్టుకున్నారు. చంటిపిల్లతో, ఇంటి పనితో నాకు ఊపిరాడని రోజులవి. ఒకనాడు తుడుస్తుంటే ఇసక కాళ్ళకి గరగరమని తగిలింది. విసుగొచ్చి, "దేవుడి గదిలో ఈ ఇసకేమిటి అత్తయ్యా, తుడవలేక చస్తున్నాను" అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రానికి కుండలు రెండూ తన మంచం కిందికి చేరాయి. నేనూ ఆ మాట మరిచిపోయాను.

తరవాత పదేళ్ళు ప్రతి చలికాలం మా డాబా మీద ఆ ఎర్రపూలు పూశాయి. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద అవే, పక్కవాళ్ళకి వాయినంతో పాటు అవే. పూలు పూసినప్పుడు మురిసిపోయానే గానీ, కుండల్లో ఏం జరుగుతోందో ఒక్కసారి వంగి చూసింది లేదు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

2016 ఫిబ్రవరిలో మా అత్తగారు పోయారు. అప్పుడు డాలియాలు నిండా పూసి ఉన్నాయి.

ఆ ఏడు ఉగాదికి నాకు గుర్తొచ్చింది, దుంపలు తీయాలని. ఇందులో ఏముందిలే అనుకున్నాను. ఇంటర్లో బైపీసీ చదివినదాన్ని. చిలగడదుంప, డాలియా దుంపవేర్లకు ఉదాహరణలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. పుస్తకంలో చదువు వేరు, కుండలో దుంప వేరు అని అప్పుడు తెలియలేదు. వేరుశనగ మొక్క పీకినట్టు కాడ పట్టుకుని లాగాను. పంపు కింద పెట్టి శుభ్రంగా కడిగాను. తడి ఆరకముందే పెద్ద పాలిథిన్ కవర్లో వేసి, గాలి తగలకుండా గట్టిగా ముడివేసి, వంటింటి అటక మీద పెట్టేశాను. ఇసకా లేదు, కుండా లేదు, ఇల్లు శుభ్రంగా ఉంది అనుకున్నాను కూడా!

వినాయకచవితికి పత్రి కోసం డాబా ఎక్కినప్పుడు ఖాళీ కుండీలు చూసి మావారు, "అమ్మ ఈపాటికి దుంపలు బయటికి తీసేది కదా" అన్నారు. కవరు దించి ముడి విప్పాను. గుప్పుమని కుళ్ళు వాసన. సగం దుంపలు జారుడుగా గుజ్జయిపోయాయి. గుండె జారిపోయింది. మావారు నన్ను ఒక్క మాట అనలేదు. నా చేతిలోంచి కవరు తీసుకుని మెట్లు దిగి వెళ్ళారు. చాలాసేపటికి గానీ పైకి రాలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ గుజ్జులోంచి మూడు దుంపలు మాత్రం గట్టిగా ఉన్నవి ఏరాను. కుండీల్లో పెట్టి నీళ్ళు పోస్తూ రోజూ చూస్తూ కూర్చున్నాను. పది రోజులు, ఇరవై రోజులు, నెల. మొలక లేదు.

దసరాకి ఇల్లు దులుపుతున్నాను. వంటింటి అలమారల్లో పాత కాలెండర్ కాగితాలు పరవడం మనందరికీ అలవాటే కదా. మా అత్తగారు కాలెండర్లు పారేసేవారు కాదు. కట్టకట్టి అటక మీద పెట్టేవారు. నేను అవసరమైనప్పుడల్లా ఒకటి లాగి పరిచేదాన్ని. ఆ రోజు డబ్బాలు తీసి కాగితం ఎత్తితే, తేదీ గడుల్లో పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన రోజు పక్కన ఆవిడ గుండ్రని అక్షరాలు: "దుంపలు తీశాను. బోర్లించాను."

అలాగే పీట మీద కూర్చుండిపోయాను. తరవాత కట్ట మొత్తం దించాను. దుంపల కవరు పెట్టిన చోటు పక్కనే ఉంది ఆ కట్ట!

ఫాల్గుణంలో "నీళ్ళు మానేశాను" అని ఉంది. ఉగాది దగ్గర "ఇసక ఎండబెట్టాను. చల్లారాక రేపు పెట్టాలి" అని. ప్రతి నెలా అమావాస్య గడిలో "చూశాను." ఒకచోట "ఒకటి మెత్తబడింది. తీసేశాను." ఆషాఢంలో "వాన. ఇసక మార్చాను." మా ఆడపడుచు అమెరికా వెళ్ళిన రోజు గడిలో "పాప వెళ్ళింది. సాయంత్రం దుంపలు నాటాను" అని ఉంది. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

2006 కాలెండర్ తీసేటప్పుడు నా చేతులు వణికాయి. నా మీద ఏదైనా రాసి ఉంటారేమోనని. మే నెలలో ఒక గడిలో ఇలా ఉంది: "కుండలు నా మంచం కిందికి మార్చాను. ఇక్కడే ఎక్కువ చల్లగా ఉంది."

కోడలు ఇలా అంది అని లేదు. నేను విసుక్కున్న మాట లేదు. చల్లగా ఉంది అని మాత్రమే ఉంది. ఆ రోజు నేను ఎంత ఏడ్చానో చెప్తే మీరు నమ్మరు.

దాదాపు ప్రతి కాలెండర్‌లోనూ భాద్రపదంలో ఇంకో మాట కనిపించింది. "కాజీపేట వదినకి రెండు దుంపలు పంపాను." క్వార్టర్స్‌లో వాళ్ళ పక్కింటావిడ. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. వెంటనే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు పాతిన మూడింటికీ మెడలున్నాయా అమ్మాయ్?" అని.

మెడ ఏమిటో నాకు తెలియదు. ఆవిడ చెప్పినట్టు కుండీ కదిపి ఒక దుంప బయటికి తీసి చూశాను. నెలన్నర అయినా చెక్కుచెదరకుండా ఉంది. సన్నటి వేళ్ళు కూడా పట్టింది. కానీ మొలక మాత్రం లేదు. "రాదు తల్లీ, ఎన్నాళ్ళు పెట్టినా రాదు. డాలియాకి మొలక మెడలో ఉంటుంది, కడుపులో కాదు" అన్నారు పిన్నిగారు.

ఇది మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. బంగాళాదుంపకి ఒళ్ళంతా కళ్ళుంటాయి, ఎక్కడ కోసినా మొలుస్తుంది. అది కాండం కాబట్టి. డాలియా దుంప వేరు. దానికి ఒళ్ళు మీద కళ్ళుండవు. కాడ మొదలుకి దుంప అంటుకునే చోట, ఆ సన్నటి మెడ దగ్గర మాత్రమే మొలక పుడుతుంది. మెడ విరిగిన దుంప ఎంత లావుగా ఉన్నా కూర వండుకోవడానికి తప్ప పనికిరాదని పిన్నిగారి హాస్యం. నేను కాడ పట్టుకుని లాగినప్పుడే ఆ మూడింటి మెడలూ విరిగిపోయాయన్నమాట.

దీపావళి వెళ్ళిన ఆదివారం మేమిద్దరం కాజీపేట వెళ్ళాం. పిన్నిగారు అప్పటికే మొలకలొచ్చిన రెండు దుంపలు కుండీలతో సహా ఒళ్ళో పెట్టారు. "ఇవి నావి కాదు, మీ అత్తగారివే. నా దగ్గర దాచుకుందంతే" అన్నారు. బస్సులో హైదరాబాదు వచ్చేదాకా మావారు ఒక కుండీ తన ఒళ్ళోంచి దించలేదు.

అత్తగారి సంవత్సరీకం నాటికి పువ్వు విచ్చుతుందని ఎంతో ఆశపడ్డాను. విచ్చలేదు. ఆ రోజుకి ఇంకా మొగ్గే. మూడు రోజులు ఆలస్యంగా విచ్చింది. అయినా తీసుకెళ్ళి ఫోటో దగ్గర పెట్టాను. ఆలస్యానికి ఆవిడ ఏమీ అనుకోరని అప్పటికి నాకు తెలుసు.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నానో వరసగా చెప్తాను. కాగితం మీద రాసుకుంటారో, కాలెండర్ మీదే రాసుకుంటారో మీ ఇష్టం.

శివరాత్రి దాటి పూలు తగ్గాక నీళ్ళు క్రమంగా తగ్గించి మానేస్తాను. ఆకులు పసుపురంగుకి తిరిగి ఎండిపోనిస్తాను. తొందరపడి పచ్చి మొక్కని కోయకూడదు. దుంప గట్టిపడేది అప్పుడే. ఉగాది వేళకి కాడని జానెడు వదిలి కోసేస్తాను. కుండీని పక్కకి వంచి తట్టి, మట్టి గడ్డతో సహా గుత్తిని రెండు చేతులతో తీస్తాను. నేలలో వేసినవాళ్ళయితే మొక్కకి అడుగు దూరంలో చుట్టూ తవ్వి కింద నుంచి లేపాలి. కాడ పట్టి లాగడం మాత్రం వద్దే వద్దు!

మట్టి దులిపి గుత్తిని తలకిందులుగా బోర్లించి నీడలో రెండు మూడు రోజులు ఉంచుతాను. ఎందుకంటే డాలియా కాడ గొట్టంలా ఉంటుంది. అందులో నీళ్ళు నిలిస్తే అవి నేరుగా మెడలోకి దిగి కుళ్ళు మొదలవుతుంది. "బోర్లించాను" అన్న మాటకి అర్థం అదీ. దెబ్బ తగిలిన చోట కట్టెల పొయ్యి బూడిద అద్దేవారు మా అత్తగారు. ఇప్పుడు నాకు బూడిద దొరకదు కాబట్టి, ఎరువుల కొట్లో దొరికే కార్బెండజిమ్ పొడిని లీటరు నీళ్ళకి ఒక గ్రాము చొప్పున కలిపి, దుంపల్ని పావుగంట ముంచి తీసి నీడలో పూర్తిగా ఆరబెడతాను. ఆ మందు చేతికి తొడుగు వేసుకునే ముట్టుకోండి. గిన్నె వంటకి వాడకండి. పిల్లలకి అందనివ్వకండి.

ఇసకని ఎర్రటి ఎండలో రెండు రోజులు ఎండబెట్టి, ఒక రాత్రంతా చల్లారనిస్తాను. వేడి ఇసకలో పెడితే దుంప ఉడికినట్టవుతుంది. మట్టికుండ అడుగున నాలుగు వేళ్ళ మందం ఇసక, దాని మీద ఒకదానికొకటి తగలకుండా దుంపలు, కాడ పైకి ఉండేలా, మళ్ళీ ఇసక. పైన పాత నూలుగుడ్డ కట్టి, ఎలుకల బెడద ఉంటే దాని మీద జల్లెడ బోర్లిస్తాను. మూత వద్దు, పాలిథిన్ అసలే వద్దు. అటక వద్దు. ఎండాకాలంలో కప్పు కింద వేడంతా అటక మీదే ఉంటుంది. ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, నేల మీద, ఎండ తగలని చోట పెట్టాలి. మంచం కింద కంటే మంచి చోటు నాకు ఇంతవరకూ దొరకలేదు.

నెలకోసారి తీసి చూడాలి. గుర్తుండదని అమావాస్య పెట్టుకున్నారు మా అత్తగారు, నేనూ అదే పెట్టుకున్నాను. తాజా క్యారెట్‌లా గట్టిగా ఉంటే బాగున్నట్టు. ముడతలు పడితే దాహమేసినట్టు. వేసవిలో అలాంటిది కనిపిస్తే ఇసక మీద కుండ అంచు వెంబడి నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరిస్తాను, అంతే. మెత్తబడితే కుళ్ళినట్టు. ఆ ముక్కని తెల్లటి కండ కనిపించేదాకా కోసేసి మందు అద్ది, ఆరబెట్టి విడిగా పెడతాను. మెడ దాకా కుళ్ళితే మొహమాటపడకుండా పారేస్తాను. ఒకటి పట్టుకుని కూర్చుంటే పక్కవన్నీ పోతాయి. ఇక వానాకాలం మొదలవగానే ఇసక గాలిలో తేమ పీల్చుకుంటుంది. అందుకే ఆషాఢంలో తెరిపి ఇచ్చిన రోజున కొత్త పొడి ఇసకకి మారుస్తాను. మన దగ్గర చాలామంది దుంపలు పోగొట్టుకునేది ఎండల్లో కాదు, ఈ వానల్లో.

వినాయకచవితికి బయటికి తీసి, వెడల్పాటి పళ్ళెంలో కాస్త తడిగా ఉన్న ఇసక మీద మెడ పైకి ఉండేలా పరిచి, వెలుతురు తగిలే నీడలో పెడతాను. రెండు మూడు వారాల్లో మెడ దగ్గర ఎర్రటి మొటిమల్లా మొలకలు కనిపిస్తాయి. అప్పుడు పదునైన చాకుతో, ప్రతి ముక్కకీ దుంప, మెడ, మొలక మూడూ ఉండేలా కోస్తాను. కోత ఒక రోజు ఆరాక, దసరా దగ్గర పన్నెండు అంగుళాల కుండీలో నాటుతాను. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ఇసక సమపాళ్ళు. మొక్కకి ఊతంగా కర్ర ముందే పాతుకోవాలి, తరవాత గుచ్చితే దుంపలో దిగుతుంది. మొలక మట్టి పైకి వచ్చేదాకా నీళ్ళు పొదుపుగా పోయాలి.

మా ఆడపడుచు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ళ అమ్మ గుర్తుగా అక్కడే కొనుక్కుని ఎర్ర డాలియాలు వేస్తుంది. ఆవిడకి అన్నీ నాకు తలకిందులు. నాకు ఎండతో పేచీ, ఆవిడకి చలితో. మే నెల మధ్యలో నాటితే ఆగస్టులో పూలు. అక్టోబరు ఆఖరుకో నవంబరు మొదట్లోనో ఒక రాత్రి గడ్డకట్టే చలి వచ్చి, తెల్లారేసరికి మొక్క నల్లగా వాలిపోతుందట. అప్పుడు తవ్వి తీసి, అట్టపెట్టెలో పొడి రంపపు పొట్టు మధ్య పెట్టి ఇంటి కింద నేలమాళిగలో దాస్తుంది. అక్కడ 4 నుంచి 10 డిగ్రీల చల్లదనం ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. ఒక శీతాకాలం కారు షెడ్డులో పెడితే గడ్డకట్టి, కరిగాక అన్నీ గుజ్జయ్యాయట. ఫోన్లో చెప్తూ ఏడ్చింది. నా పాలిథిన్ కవరు కథ అప్పటిదాకా ఆవిడకి చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. "పోనీలే వదినా, మనిద్దరం సరిపోయాం" అని ఏడుపులోనే నవ్వింది. ఆవిడ దుంపలు పడుకున్నప్పుడు నా డాబా మీద పూలు, నా దుంపలు మంచం కింద ఉన్నప్పుడు ఆవిడ పెరట్లో పూలు. ఇద్దరిళ్ళూ కలిపి చూస్తే మా అత్తగారి పువ్వు లేని నెలలు ఏడాదిలో ఎన్నో ఉండవు.

ఇంకొక్క సంగతి. 2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండ ప్రాంతాన్ని వరద ముంచెత్తినప్పుడు పిన్నిగారి ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. ఇసక కుండలు మునిగిపోయి ఆవిడ దుంపలన్నీ పోయాయి. అటువైపు వెళ్ళే బంధువుల చేతికి నాలుగు దుంపలు ఇచ్చి పంపాను. ఒక్కోదాన్ని పట్టుకుని మెడ ఉందో లేదో రెండుసార్లు చూసి మరీ కట్టాను. అవి అందాక పిన్నిగారు ఫోన్ చేసి, "మీ అత్తగారు పంపినట్టే ఉందమ్మాయ్" అన్నారు.

ఏటా పంపడం ఎందుకో నాకప్పుడు అర్థమైంది. ఎంత జాగ్రత్తగా దాచినా ఒక ఇంట్లో ఏదో ఒక ఏడు పోతాయి. ఎండకో, వానకో, నాలాంటి కోడలి చేతిలోనో! రెండిళ్ళలో ఉంటే ఒకచోట పోయినా ఇంకోచోట మిగులుతాయి. అందుకే ఇప్పుడు మూడు వాటాలు వేస్తున్నాను. ఒకటి మాకు, ఒకటి కాజీపేటకి, ఒకటి అడిగినవాళ్ళకి.

కాలెండర్ గడుల్లో నేనూ రాస్తున్నాను. పాల లెక్క పక్కన, గ్యాసు బండ పక్కన. కానీ రాసి ఊరుకోవడం లేదు. మా అమ్మాయి హాస్టల్ నుంచి సెలవులకి వస్తే, విసుక్కున్నా సరే, పక్కన కూర్చోబెట్టి మెడ ఎక్కడుందో చూపిస్తున్నాను. అత్తలు చెప్పకపోతే అడగండి, కోడళ్ళు అడగకపోతే చెప్పండి. ఈసారి శివరాత్రి వెళ్ళాక మీ డాలియా వాడిపోతే కుండీ దులిపేయకండి. రెండు చేతులూ పెట్టి మెల్లగా తీయండి. మీ మంచం కింద ఒక కుండకి చోటు ఉండకపోదు.